ఒకే తీగ, రెండు అధికారములు

గోడలోని ఒక్క పోర్టునుండి వెలువడిన ఈథర్నెట్ కేబులు తొలుత బల్లమీది ఫోనులో ప్రవేశించి, ఆ ఫోను వెనుకనున్న రెండవ పోర్టుగుండ కంప్యూటరును చేరుట నేటి కార్యాలయములలో సర్వసామాన్యమైన ఏర్పాటు. ఫోను గర్భమందే చిన్న స్విచ్ యొకటి ఇమిడియున్నది. మాటయు డేటాయు అదే రాగితీగపై పోవుచున్నను ఒకదానితో నొకటి కలిసిపోవు; ఏలయనగా ఫోను తన ఫ్రేములకు (తాను పంపు సమాచారపు మూటలకు) 4 బైట్ల ట్యాగు నొకదానిని తగిలించును, కంప్యూటరు ఫ్రేములు సాధారణముగా ట్యాగు లేకయే పోవును. 1998లో వెలువడిన 802.1క్యూ ప్రమాణము ననుసరించి ఆ ట్యాగులోని 12 బిట్లు ఫ్రేము ఏ వీలాన్‌కు (ఒకే తీగపై కల్పితమైన వేరు నెట్‌వర్కునకు) చెందినదో తెలుపగా, 3 బిట్లు దాని ప్రాధాన్యమును సూచించును. తీగ మాత్రము ఈ భేదము నెరుగదు.

అద్వైతి దీనిని ‘ఉపాధి’ (ఒక్కదానినే వేరుగా తోపించు హద్దు) యని సంతసింపవచ్చును. భామతీకారుడైన వాచస్పతిమిశ్రుని పేర ప్రసిద్ధమైన అవచ్ఛేదవాదమున, అఖండాకాశము ఘటముచేత పరిచ్ఛిన్నమైనట్లు తోచునే గాని ఖండితము కాదు. అంతవరకు బాగున్నది, కాని ఘటాకాశము మఠములోని ఆకాశమును దాటి ముందుకు పోవలెనని ఏనాడును కోరలేదు. ఇచ్చటనో, స్విచ్ కడ రద్దీ యేర్పడినప్పుడు మాట సాగును, డేటా నిలుచును. భేదము మిథ్యయే యనుకొన్నను తారతమ్యము ప్రత్యక్షము. కావున విచారింపవలసినది ఏకత్వము కాదు, న్యాయము: ఒకే ఆధారముపై నిలిచినవానిలో ఒకదానికి అగ్రస్థానమేల?

మాట గొప్పదగుటచేత కాదు, వేచియుండజాలకపోవుటచేత. సాధారణముగా 20 మిల్లీసెకన్ల కొక్కటిగా వెడలు ధ్వనిప్యాకెట్టు ఆలస్యమైనచో నిరర్థకము. పోయినదానిని మరల పంపినను వినువాని చెవికి ప్రయోజనము లేదు. ఫైలన్ననో, దారిలో కొంత నష్టమైనను మరల పంపబడి చెక్కుచెదరక చేరును. పైగా మాట కోరునది స్వల్పము. కుదింపని ధ్వనికి సైతము సెకనుకు సుమారు 90 కిలోబిట్లు చాలును. అల్పము కోరునదై, ఆగజాలనిదై యుండుటయే దాని యర్హత.

ఆ యర్హతను ఎవరికివారు ప్రకటించుకొన్న చెల్లదు. కంప్యూటరు తన ఫ్రేములపై తానే అగ్రప్రాధాన్యమును వ్రాసికొన్నను, జాగరూకుడైన నిర్వాహకుడు అమర్చిన స్విచ్ దానిని నమ్మక చెరిపివైచును. దేవుని యెదుట అందరు నొక్కటే యనుచునే శీఘ్రదర్శనమునకు రుసుము నిర్ణయించు మన ధర్మాధికారులకంటె, ఈ యొక్క విషయమున, స్విచ్ నమర్చిన ఇంజనీరే మేలైన న్యాయమూర్తి యని నా తీర్పు.