మోటారు మోగించే గంట: పూజలో కర్త ఎవరు?

తెలుగునాట ఓ మోస్తరు ఆదాయం ఉన్న గుడులలో, ముఖమండపంలోని ఏదో ఒక స్తంభం పక్కన, ఇనుప చట్రంలో బిగించిన ఒక యంత్రం తరచుగా కనబడుతుంది. దాని అడుగున చిన్న కరెంటు మోటారు, మోటారు కప్పీకి తగిలించిన బెల్టు, ఆ బెల్టు తిప్పే ఇరుసు, ఇరుసుకు వంపు తిప్పి అమర్చిన కడ్డీలు ఉంటాయి. ఒక కడ్డీ నగారా మీది కర్రలను లేపి దించుతుంది, మరొకటి గంటలను ఊపుతుంది, ఇంకొకటి తాళాలను ఒకదానితో ఒకటి తాకిస్తుంది. అర్చకుడు హారతి పళ్లెం చేతిలోకి తీసుకునే ముందు స్విచ్చి నొక్కుతాడు, భక్తులు హారతి కళ్లకద్దుకునే వేళకు ఆపుతాడు. చట్రం పైపట్టీ మీద దాత పేరు, ఊరు రంగుతో రాసి ఉండడం కూడా పరిపాటే. పైకి సౌకర్యం కోసం పెట్టుకున్న పరికరంగానే తోచినా, ఈ యంత్రం తేలికగా తీసిపారేయరాని ఒక ప్రశ్నను గుడిలోకి తెచ్చింది: మనిషి చెయ్యి తగలకుండా మోగిన ఆ గంట పూజలో భాగమేనా, భాగమే అయితే దానికి కర్త ఎవరు?

ఈ ప్రశ్న కరెంటుతో పుట్టినది కాదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో ఉన్న హెరాన్ అనే గణిత, యంత్రశాస్త్రవేత్త తన ‘న్యూమాటికా’ గ్రంథంలో ఆలయాల కోసం ఉద్దేశించిన యంత్రాలను వర్ణించాడు. వాటిలో ఒకటి పవిత్రజలం ఇచ్చే పాత్ర: పైనున్న చీలికలో నాణెం వేస్తే అది లోపలి తులాదండం కొసనున్న పళ్లెం మీద పడుతుంది, ఆ బరువుకు దండం ఒరిగి రెండో కొసన ఉన్న మూత లేస్తుంది, నీరు కారుతుంది, పళ్లెం వాలి నాణెం జారిపోగానే మూత మళ్లీ పడిపోతుంది. మరొకటి ఇంతకంటే ఆలోచింపజేసేది. బలిపీఠం మీద నిప్పు రాజేస్తే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి, గొట్టాలలోని ద్రవాన్ని నెట్టుతుంది. పీఠానికి అటూ ఇటూ నిలబెట్టిన బొమ్మలు ఆ ద్రవాన్ని అగ్నిలో ధారగా పోస్తాయి. నీళ్లిచ్చే పాత్ర భక్తుడికి వస్తువును అందించి ఊరుకుంటుంది, బొమ్మలైతే భక్తుడి బదులు అర్పణ చేస్తున్నాయి. వస్తువును అందించే యంత్రానికీ, అర్పణ చేసే యంత్రానికీ మధ్య ఉన్న ఈ తేడాను పట్టుకుంటే తప్ప తక్కిన విచారణ ముందుకు సాగదు.

యంత్రం చేత మంత్రాన్ని తిప్పించడానికి ఏ సంకోచమూ లేని సంప్రదాయం కూడా ఒకటుంది. టిబెటన్ బౌద్ధులు ‘ఓం మణి పద్మే హుం’ అనే షడక్షరీ మంత్రాన్ని పొడవైన కాగితపు చుట్ట మీద వేలసార్లు అచ్చువేసి, దానిని ఒక డబ్బాలో పెట్టి ప్రదక్షిణ దిశలో తిప్పుతారు; చేత్తో తిప్పేవి మొదలుకొని సెలయేటి నీటితో, గాలితో, దీపపు వేడితో తిరిగేవాటి వరకు ఈ ప్రార్థనాచక్రాలు లడఖ్‌లోనూ సిక్కింలోనూ కనబడతాయి. ఒక్కసారి తిప్పితే లోపలున్న మంత్రాలన్నీ చదివినట్టేనని వారి విశ్వాసం. దీనిని సోమరితనమని కొట్టివేయడం అన్యాయం, ఎందుకంటే మంత్రానికి స్వతహాగా శక్తి ఉందనీ, దానిని తాకిన నీరూ గాలీ ప్రాణికోటికి మేలు చేస్తాయనీ నమ్మే దృష్టిలో, ఏటి ఒడ్డున ఎవరూ లేకున్నా తిరిగే చక్రం ఒక వ్యక్తి సంపాదించుకునే పుణ్యం కోసం పెట్టినది కాదు, సమస్త ప్రాణులకు పెట్టిన చలివేంద్రం వంటిది. అయితే ఆ సంప్రదాయంలోని గురువులు సైతం చేత్తో చక్రం తిప్పేవాడి మనసులో కరుణ ఉండాలని చెబుతారు. చక్రం తిరగడంతో సాధన పూర్తయిందని వారెవరూ అనరు.

భారతీయ దర్శనాలలో ఈ ప్రశ్నకు నేరుగా పనికివచ్చే పరికరాలను అందరికంటే నిశితంగా తయారుచేసినవారు పూర్వమీమాంసకులు, అంటే వేదంలోని కర్మకాండకు అర్థనిర్ణయం చేసిన దార్శనికులు. వారి నిర్వచనం ప్రకారం యాగానికి ద్రవ్యం, దేవత, త్యాగం అనే మూడూ ఉండాలి. ద్రవ్యం అర్పించే పదార్థం. దేవత ఎవరిని ఉద్దేశించి అర్పిస్తున్నారో ఆ పేరు. త్యాగం ఆ పదార్థం మీద తనకు ఇక హక్కు లేదని యజమాని, అంటే యజ్ఞం చేయించుకునేవాడు, మనసారా వదులుకోవడం. నెయ్యిని అగ్నిలో పోయడం త్యాగం కాదు. అది ప్రక్షేపం, అంటే పదార్థాన్ని అగ్నిలో వేసే చర్య, దానిని ఋత్విక్కు చేయవచ్చు. కర్మఫలం చేసినవాడికే దక్కుతుందని శాస్త్రం చెబుతున్నప్పుడు అన్ని పనులూ యజమానే స్వయంగా చేయాలా, కొన్నింటిని ఇతరుల చేత చేయించవచ్చునా అని జైమిని సూత్రాలలోని మూడో అధ్యాయం ఏడో పాదం విచారిస్తుంది. తక్కిన పనులు దక్షిణ ఇచ్చి ఏర్పరచుకున్న ఋత్విక్కులు చేయవచ్చుననీ, వదులుకోవడం మాత్రం యజమానిదేననీ తేలుతుంది. చేతులను అరువు తెచ్చుకోవచ్చు గాని త్యాగాన్ని అరువు తెచ్చుకోలేమని ఇంత స్పష్టంగా చెప్పిన చర్చ మరొకటి అరుదు.

అలాగని యంత్రం ఋత్విక్కు స్థానంలో కూర్చోగలదా అంటే అదీ కుదరదు. ఋత్విక్కును యజమాని వరిస్తాడు, అంటే ఈ కర్మకు మీరు రావాలని పేరు పెట్టి ప్రార్థిస్తాడు. పిలుపు అందుకున్నవాడు ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, ఒప్పుకుంటే నియమాలకు కట్టుబడి దక్షిణ స్వీకరిస్తాడు. కాదనే వీలులేని దానికి వరణం ఉండదు. కనుక మీమాంస దృష్టిలో మోటారు నగారా యజ్ఞాయుధాల వరుసకు, అంటే జుహువు అనే కొయ్య గరిటె, రోలు, రోకలి, చేట మొదలైన ఉపకరణాల వరుసకు చెందుతుంది. కర్తృత్వం స్విచ్చి నొక్కిన అర్చకుడిదే అవుతుంది.

ఇక్కడితో ప్రశ్న తీరిపోయినట్టే కనబడుతుంది గాని తీరలేదు. జుహువు చేతిలో ఉన్నంతసేపూ చేతిని అనుసరిస్తుంది, చెయ్యి ఆగితే ఆగుతుంది, మనసు చెదిరితే ధార చెదురుతుంది. మోటారు ఒకసారి కదిలాక ఎవరి మనసుతోనూ దానికి పని లేదు. కర్మారంభంలో చెప్పిన సంకల్పం, అంటే ఫలానా దేశకాలాలలో ఫలానా కర్మ చేస్తున్నానన్న నిశ్చయం, కర్మ ముగిసేదాకా వ్యాపించి ఉంటుందని యంత్రం తరఫున వాదించవచ్చు, ఆ వాదానికి బలం కూడా ఉంది. అయితే కర్మకు సరిపోయిన ఆ సమాధానం ఉపాసనకు సరిపోదు. పతంజలి యోగసూత్రాలు ప్రణవజపాన్ని దాని అర్థాన్ని భావించడంతో కలిపే చెబుతాయి. మనుస్మృతి విధియజ్ఞం కంటే పైకి చదివే జపం పదిరెట్లు, పెదవులు మాత్రం కదిలే ఉపాంశుజపం నూరురెట్లు, మానసజపం వెయ్యిరెట్లు అధికమని ఎంచుతుంది. శబ్దం తగ్గిన కొద్దీ విలువ పెరుగుతుందని చెప్పే ఈ లెక్కలో శబ్దాన్ని పెంచడానికే పుట్టిన యంత్రానికి చోటు ఎక్కడుందో వెతకవలసి వస్తుంది.

తెలుగు ఇళ్లలో ఈ విషయాన్ని ఏ శాస్త్రం చదవకుండానే గ్రహించిన ఆచారం రామకోటి. గళ్లు గీసి అచ్చువేసిన పుస్తకంలో గడికొక్కసారి చొప్పున ‘శ్రీరామ’ అని కోటిసార్లు రాయాలని పట్టుబట్టేవారిలో ఇంటిపని ముగిశాక మధ్యాహ్నం పూట ఒక పేజీ, రాత్రి ఒక పేజీ పూర్తిచేసే గృహిణులూ, ఉద్యోగ విరమణ చేసినవారూ ఎక్కువ. రోజుకు వెయ్యి నామాల చొప్పున రాస్తే కోటి పూర్తికావడానికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్లకు పైగా పడుతుంది. ఒక పేజీ రాసి తక్కినవి జిరాక్స్ తీయిస్తే, లేదా కంప్యూటర్లో ఒక వరుస టైపుచేసి కింది వరుసలన్నీ అతికిస్తే రామకోటి పూర్తయినట్టేనా అని అడిగితే ఏ ఇంట్లోనైనా ఒకటే సమాధానం వస్తుంది. కాగితం మీది అక్షరాలు రెండు సందర్భాలలోనూ ఒకటే అయినప్పుడు, వాటి వెనుక గడిచిన 27 ఏళ్లే అర్పణ అని ఆ సమాధానానికి అర్థం. వేలికి ఉంగరంలా తొడుక్కుని బొటనవేలితో మీట నొక్కే జపం కౌంటరును కూడా ఇదే కొలతతో చూడవచ్చు. అది లెక్కను మాత్రమే తన మీద వేసుకుని నామాన్ని నాలుకకు వదిలేస్తుంది కాబట్టి జపమాల చేసిన పనినే చేస్తోంది; ప్లగ్గులో పెడితే పగలూ రాత్రీ ఒకే నామాన్ని వినిపించే మంత్రపెట్టె మాత్రం నాలుక పనినే తీసుకుంటోంది.

అయినా మంత్రపెట్టెను పూర్తిగా తోసిపుచ్చకూడదు, ఎందుకంటే ఉచ్చారణ వేరు, శ్రవణం వేరు. శబ్దం నిత్యమనీ, నోటినుంచి వెలువడే ధ్వని దానిని వ్యక్తం మాత్రమే చేస్తుందనీ మీమాంసకులు అన్నారు; ఆ సిద్ధాంతం ప్రకారం స్పీకరు నుంచి వచ్చే ధ్వని కూడా వర్ణాలను వ్యక్తం చేస్తుందని ఒప్పుకోవలసి ఉంటుంది. ప్రతివాది భయంకరం అణ్ణన్ 15వ శతాబ్దంలో రచించిన వేంకటేశ సుప్రభాతాన్ని ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గాత్రంలో 1963లో గ్రామఫోను రికార్డుగా తెచ్చాక, అది తెల్లవారుజామున తెలుగువారి ఇళ్లలో, హోటళ్లలో, బస్సులలో మోగుతూ ఎన్ని తరాల చెవులను పెంచిందో చెప్పనక్కరలేదు. నవవిధ భక్తులలో శ్రవణం మొదటిది; వినేవాడు మనసు పెట్టి వింటే వాడి శ్రవణం నిజమైన శ్రవణమే, వినేవాడే లేని గదిలో మోగే పెట్టెలో ఉచ్చారణా లేదు, శ్రవణమూ లేదు. రికార్డు ఇంతగా వ్యాపించినా తిరుమల ఆలయంలో సుప్రభాతాన్ని మనుషులే నిలబడి పఠిస్తారు. రాత్రి ఏకాంతసేవలో తాళ్లపాక వంశీకులు అన్నమయ్య కీర్తనను లాలిగా పాడతారు, తరిగొండ వెంగమాంబ పేర ముత్యాలహారతి ఇస్తారు. ఆ సన్నిధిలో స్వామికి పాడేవాడు ఉండాలన్న నియమం సడలలేదు.

ఇతర మతాలలోనూ ఈ గీత దాదాపు ఇక్కడే పడింది. మసీదులో మైకును అంగీకరించిన ఇస్లామీ ధర్మశాస్త్రజ్ఞులలో చాలామంది, రికార్డు చేసిన అజాన్ అజాన్ కాదనీ, అందులో నియ్యత్, అంటే ఆరాధన చేస్తున్నానన్న ఉద్దేశం, లేదనీ అంటారు. కాథలిక్కులు ఫోనులో తమ పాపాలను గుర్తుచేసుకోవడానికి ఉపకరించే ఒక యాప్ 2011లో వచ్చినప్పుడు, అది సిద్ధపడడానికి పనికిరావచ్చు గాని గురువు ఎదుట చేసే పాపసంకీర్తనానికి బదులు కాజాలదని వాటికన్ ప్రతినిధి స్పష్టం చేశారు.

ఇంతవరకు జరిగిన విచారణ భక్తుడికీ దేవుడికీ మధ్య నిలిచిన యంత్రం గురించి మాత్రమే. దానికంటే బరువైన విషయం ఇంకొకటి ఉంది. ఆలయపూజ ఒక్క అర్చకుడి పనిగా ఎన్నడూ లేదు. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261లో, గుంటూరు ప్రాంతపు మల్కాపురంలో వేసిన శాసనం విశ్వేశ్వర శివాచార్యుల గోళకీమఠానికి ఇచ్చిన దానాలతో పాటు అక్కడ సేవచేసే నర్తకులనూ, గాయకులనూ, వాద్యకారులనూ పేర్కొంటుంది. తర్వాతి కాలంలో నాదస్వరం, డోలు వాయించే నాయీబ్రాహ్మణ కుటుంబాలకు మాన్యం భూములు ఇచ్చి ఆ సేవను వంశపారంపర్యంగా నిలిపారు. శ్రీవైష్ణవులు కైంకర్యం అనే పేరుతో, అంటే భగవంతుడికి దాసుడై చేసే సేవ అనే అర్థంలో, పూలు కట్టడాన్నీ, ముగ్గు పెట్టడాన్నీ, వాద్యం వాయించడాన్నీ ఒకే పంక్తిలో నిలబెట్టారు. గర్భాలయంలోకి అడుగుపెట్టే అధికారం లేని డోలువాద్యకారుడికి దేవుడితో ఉన్న సంబంధమంతా ఆ పుల్లలోనూ, చర్మం బిగించిన ఆ పీపాలోనూ, హారతి ఎత్తు చూసి వేగం పెంచే ఆ చూపులోనూ ఉంది. మోటారు వచ్చి కూర్చున్నది సరిగ్గా ఆ చోటులోనే. అర్చకుడి పూజకు దానివల్ల లోపం కలిగిందో లేదో వాదించుకోవచ్చు. మరొక మనిషి పూజ అక్కడ ఆగిపోయిందన్నది మాత్రం వాదానికి లొంగని నిజం.

కేరళలో జరిగిన ఒక మార్పును దీని పక్కన పెట్టి చూడాలి. త్రిశూర్ జిల్లాలోని ఇరింజాడప్పిల్లి శ్రీకృష్ణాలయానికి 2023 ఫిబ్రవరిలో పెటా ఇండియా సంస్థ సుమారు 11 అడుగుల ఎత్తు, 800 కిలోల బరువున్న యాంత్రిక గజాన్ని సమర్పించింది. ఇనుప చట్రం మీద రబ్బరు తొడుగుతో చేసిన ఆ ఏనుగు తల, చెవులు, కళ్లు కరెంటుతో కదులుతాయి, ఉత్సవాలలో బతికి ఉన్న ఏనుగు బదులు అదే నిలబడుతుంది. సంప్రదాయానికి ఇది భంగమని అన్నవారి బాధను అర్థం చేసుకోవచ్చు. అయితే సంకెళ్లతో, టపాకాయల మోతలో, ఎండలో నిలబెట్టిన ఏనుగును ఎవరూ వరించలేదు, అది ఒప్పుకోనూ లేదు. దానికి సంకల్పం లేదు, సంకల్పించి ఇచ్చినది లేదు. ఆ చోటులోకి యంత్రం వస్తే ఏ కైంకర్యమూ తగ్గలేదు, ఒక ప్రాణి బాధ తగ్గింది. రెండు యంత్రాలూ మోటారుతోనే నడుస్తున్నా, వాటికి ముందు ఆ చోటులో ఎవరున్నారో, ఇష్టపడి ఉన్నారో లేదో అన్నదాన్ని బట్టి ఒకటి ఉపకారమూ మరొకటి లోటూ అయ్యాయి.

ఈ కొలతతో చూస్తే అన్ని గుడులనూ ఒకే గాటన కట్టడం కుదరదు. మాన్యం ఎప్పుడో అన్యాక్రాంతమై, ప్రభుత్వపు ధూపదీప నైవేద్య పథకం కింద వచ్చే సొమ్ముతో పడితరమూ, అంటే నిత్యనైవేద్యపు సరుకులూ, అర్చకుడి భృతీ గడిస్తే చాలుననుకునే పల్లెటూరి గుడిలో, వాయించేవారి వంశం పట్నానికి తరలిపోయాక, భక్తుడొకడు కొనిచ్చిన యంత్రం ఎవరి చోటునూ ఆక్రమించలేదు; దాత త్యాగం అందులో ఉంది, అర్చకుడి సంకల్పం ఉంది, ఆ రెండూ ఉన్న ద్రవ్యంగా దానిని దేవుడి ముందు నిలపడంలో దోషం లేదు. ఆదాయం దండిగా ఉండి, డోలు పట్టుకున్న మనిషి ఊళ్లోనే ఉండి, నెలనెలా ఇవ్వవలసిన సంభావన మిగులుతుందన్న లెక్కతో స్విచ్చి పెట్టుకున్న దేవాలయం సంగతి అలా కాదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నాదస్వరం, డోలు నేర్పే పాఠశాలను నడుపుతోంది. అక్కడ ఏళ్లపాటు సాధన చేసి బయటికి వచ్చే యువకులకు కొలువులు ఇవ్వగల స్తోమత అటువంటి ఆలయాలకే ఉంది. సేవలో లోపం జరిగితే ఏ ప్రాయశ్చిత్తం చేయాలో వైఖానస, పాంచరాత్ర ఆగమాలు విస్తారంగా చెబుతాయి గనుక, వాయించేవాడు ఉండగా వాయిద్యాన్ని మోటారుకు అప్పగించడం ఏ లోపం కిందికి వస్తుందో ఆగమ పండితులు తేల్చి, ఆలయ పాలకమండళ్లకు లిఖితపూర్వకంగా చెప్పాలి.