తెల్లపూత, కర్మఫలం

నాలుక మీద, అంగిట్లో, బుగ్గల లోపలి వైపున పెరుగు తరకల వంటి తెల్లని పూత ఏర్పడి, తుడిస్తే ఊడివచ్చి, అడుగున ఎర్రగా ఒరిసిన పొర బయటపడే వ్యాధిని వైద్యులు నోటి కాండిడియాసిస్ అంటారు. దీనికి కారణమైన కాండిడా అనే శిలీంధ్రం, అంటే బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి, ఆరోగ్యవంతుల్లోనూ మూడోవంతు నుంచి సగం మంది నోళ్లలో ఏ హానీ చేయకుండా ఉంటుంది. లాలాజలమూ రక్తంలోని తెల్లకణాలూ దాన్ని అదుపు చేసే శక్తి కోల్పోయినప్పుడు అది విజృంభిస్తుంది.

ఇటువంటి వ్యాధిని పాపఫలమని చెప్పవచ్చునా అన్నది వైద్యప్రశ్న కాదు, ధర్మప్రశ్న. 1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య వారపత్రిక లాస్ ఏంజెలెస్‌లోని అయిదుగురు యువకుల గురించి నివేదించినప్పుడు, ఎయిడ్స్ అన్న పేరైనా పుట్టక మునుపే, ఆ అయిదుగురికీ కాండిడా సోకినట్టు నమోదైంది. అప్పటినుంచి ఈ పూత వైద్యుడికి ఒక ఆధారమైతే, లోకానికి మనిషి శీలం మీద తీర్పు చెప్పే సాకయింది. అయితే ఇదే పూత పాలు తాగే పసిబిడ్డకు వస్తుంది, కట్టుడుపళ్ల వృద్ధుడికి వస్తుంది, మధుమేహం అదుపు తప్పినవారికీ, క్యాన్సర్ మందులు వాడేవారికీ, ఆస్తమాకు స్టెరాయిడ్ పీల్చి నోరు పుక్కిలించనివారికీ వస్తుంది. వీరందరిదీ పూర్వజన్మ పాపమే అనవచ్చు; కాని అందరికీ సమానంగా వర్తించే కారణంతో ఒక్కరిని వేలెత్తి చూపడం న్యాయం కాదు.

చరకసంహిత విమానస్థానంలో, ఆయుర్దాయం ముందే నిర్ణీతమై ఉంటుందా అని శిష్యుడు అగ్నివేశుడు అడిగినప్పుడు, గురువు ఆత్రేయుడు పూర్వజన్మ కర్మను దైవమనీ, ఈ జన్మలో చేసే ప్రయత్నాన్ని పురుషకారమనీ వివరించి, వాటిలో బలమైనది బలహీనమైనదాన్ని అణచగలదని చెబుతాడు. అంతా నిర్ణీతమే అయితే మందులే కాదు, మంత్రాలూ హోమాలూ కూడా వ్యర్థమవుతాయన్నది ఆయన వాదంలోని పదునైన అంశం. ఈ దృష్టితో చూస్తే, సోమశిలలో పెన్న ఒడ్డున సోమేశ్వరుడికి మొక్కుకునేవారూ, ఆత్మకూరు సమీపాన అనుమసముద్రంపేట దర్గాకు మతభేదం లేకుండా స్వస్థత కోరి వచ్చేవారూ, తమకు తెలియకుండానే విధివాదాన్ని తోసిపుచ్చుతున్నారు. ప్రార్థించేవాడు మార్పు సాధ్యమని నమ్మినవాడే గనుక, ప్రార్థనకూ వైద్యపరీక్షకూ మధ్య వైరం కల్పించడం భక్తికే అన్యాయం.

ఎయిడ్స్‌కు కారణమైన హెచ్ఐవి ఉన్నవారితో కలిసి భోంచేసినా, ఒకే పాత్రలో తీర్థం తీసుకున్నా ఆ వైరస్ సోకదు. వారిపట్ల వివక్షను 2017 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. అయినా వెలి భయం వల్ల పూతను దాచుకునేవారు ఉంటారు. క్లోట్రిమజోల్, ఫ్లుకోనజోల్ వంటి మందులతో పూత సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది గాని, రోగనిరోధకశక్తి ఎందుకు సన్నగిల్లిందో తేల్చకపోతే మళ్లీ రావచ్చు. 2004 నుంచి ప్రభుత్వం హెచ్ఐవి మందులను ఉచితంగా ఇస్తున్నా, సిగ్గు వల్ల పరీక్ష ఆలస్యమైన రోగిలో అదే శిలీంధ్రం అన్నవాహికకు పాకి, మింగిన ప్రతి ముద్దా నొప్పి పుట్టించే దశకు చేరవచ్చు. ఆ బాధలో పూర్వజన్మ కర్మ వాటా ఎంతో ఎవరూ కొలవలేరు గాని, చుట్టూ ఉన్నవారి మాటల వాటా మాత్రం ఈ జన్మదే.