బిగుసుకుపోయిన బోల్టు, కర్తృత్వ విచారం

పురుషకారానికీ దైవానికీ, అంటే మనిషి చేసే ప్రయత్నానికీ అతని చేతిలో లేని దానికీ గల సంబంధంపై భారతీయ దర్శనాలలో జరిగిన చర్చ చాలా పాతది. అయితే ఆ చర్చ ఎక్కువగా రాజ్యాలు, యుద్ధాలు, జననమరణాలు వంటి పెద్ద విషయాల చుట్టూ సాగినందువల్ల, ప్రయత్నం ఎక్కడ ముగుస్తుందో, దైవం ఎక్కడ మొదలవుతుందో వేలుపెట్టి చూపడం కష్టమవుతుంది. కారణాలు చాలావరకు తెలిసి, ఫలితం ఒకటి రెండు రోజుల్లో తేలిపోయే చిన్న పనిని తీసుకుంటే ఆ సరిహద్దు కొంత స్పష్టపడుతుంది. ఇంటి దగ్గర సొంతంగా బండి బాగుచేసుకునేవారికి, ఏళ్ల తరబడి తుప్పుపట్టి కదలని బోల్టును విప్పడం అటువంటి పని.

భగవద్గీత 18వ అధ్యాయంలోని 14వ శ్లోకం ఏ కర్మ సిద్ధించడానికైనా ఐదు కారణాలను చెబుతుంది: పనికి ఆధారమైన అధిష్ఠానం, చేసే కర్త, సాధనమైన కరణం, నానావిధాలైన చేష్ట, ఐదవదిగా దైవం. అధిష్ఠానం శరీరమనీ, కరణాలు ఇంద్రియాలనీ చెప్పడంలో శంకరులకూ రామానుజులకూ పెద్ద భేదం లేదు. దైవం దగ్గర మాత్రం దారులు వేరయ్యాయి. కన్ను మొదలైన ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలని శంకరులు, అంతర్యామిగా ఉండి నడిపించే పరమాత్మ అని రామానుజులు వ్యాఖ్యానించారు. 16వ శ్లోకం, ఇన్ని కారణాలుండగా కేవలం ఆత్మనే కర్తగా చూసేవాడి చూపు సరైనది కాదంటుంది. ఈ ఐదింటినీ శరీరం దాటించి పానాకూ లోహానికీ అన్వయించడం భాష్యకారులు చేసిన పని కాదు. అయినా శ్లోకం చేసిన విభజన ఆ అన్వయాన్ని ఎంతవరకు తట్టుకుంటుందో చూడడం వ్యర్థం కాదు.

ముందుగా అధిష్ఠానాన్ని, ఇక్కడ బోల్టు దిగిన లోహాన్ని, పరిశీలించాలి. మోటారుసైకిల్ సైలెన్సర్‌ను ఇంజనుకు పట్టి ఉంచే ఉక్కు బోల్టు చాలా బళ్లలో అల్యూమినియం సిలిండర్ హెడ్‌లోకి దిగి ఉంటుంది. ఇంజను నడిచినప్పుడల్లా అది వేడెక్కి, ఆగినప్పుడల్లా చల్లారుతుంది. వాన నీరు మరచుట్ల సందుల్లోకి చేరుతుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు అసలు లోహం ఆక్రమించిన చోటుకు రెట్టింపు మించి కావాలి కనుక, పెరిగే తుప్పు ఆ ఇరుకులో నలిగి మరచుట్లను పట్టేస్తుంది. ఉక్కు, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి ఉన్నచోట ఉప్పు కలిసిన తేమ చేరితే రెండు లోహాల మధ్య సన్నని విద్యుత్ ప్రవాహం ఏర్పడి అల్యూమినియం త్వరగా క్షయిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల్లో బళ్లకు ఈ బాధ ఎక్కువ. దీనికితోడు మొదట బిగించినప్పటి ఒత్తిడి ఒకటుంది. సాధారణంగా బోల్టు బిగించే బలంలో సుమారు 50 శాతం తల కింది రాపిడికీ, 40 శాతం మరచుట్ల రాపిడికీ పోగా, భాగాలను నిజంగా అదిమి పట్టేది దాదాపు 10 శాతమే. అంటే తుప్పు లేని బోల్టు విషయంలో కూడా చేతి బలంలో అధికభాగం పోరాడేది రాపిడితోనే.

ఈ సంగతి గ్రహించని కర్తకు తోచే మొదటి ఉపాయం ఇంకా గట్టిగా తిప్పడం. పానా చివర పొడవాటి పైపు తొడిగి బరువంతా వేస్తే బలం పెరుగుతుంది గాని, అది కర్త కోరిన చోటికి కాక అన్నిటికన్నా బలహీనమైన చోటికి చేరుతుంది: తల అంచులు అరిగి గుండ్రబడతాయి, లేదా మరచుట్లు కదలకుండానే కాడ మెలితిరిగి తెగుతుంది. ఆరు మిల్లీమీటర్ల బోల్టు తెగడానికి అసాధారణమైన బలం అక్కరలేదు. రామానుజుల వ్యాఖ్యానంలో 16వ శ్లోకం నిందించేది పరమాత్మ అనుమతి లేనిదే తనకు కర్తృత్వం లేదన్న సంగతి మరచినవాణ్ణి. ఆ దోషానికి లౌకికమైన రూపం ఇక్కడ కనిపిస్తుంది. సంకల్పం ఒక్కటే కారణమని నమ్మినవాడు మిగిలిన నాలుగు కారణాల లోటును కూడా సంకల్పంతోనే పూరించబోతాడు.

కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కొంతకాలం తత్త్వశాస్త్రం చదివిన అమెరికన్ రచయిత రాబర్ట్ పిర్సిగ్, 1974లో వెలువడిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' గ్రంథంలో ఊడిరాని మరమేకు గురించి విస్తారంగా చర్చించాడు. అది ఊడేదాకా బండి పనికిరాదు కనుక ఆ చిన్న మేకు విలువ మొత్తం బండి విలువతో సమానమవుతుందనీ, దారి మూసుకుపోయిన ఆ స్థితి నిజమైన అవగాహనకు ముందు వచ్చేదే కనుక దాన్ని తప్పించుకోజూడరాదనీ అతని అభిప్రాయం. గీత ఇచ్చిన విభజన దీనికి ఒక క్రమాన్ని సమకూరుస్తుంది: దారి మూసుకుపోయినప్పుడు అడగవలసింది ఎంత బలం చాలలేదని కాదు, ఐదింటిలో ఏ కారణం కొరవడిందని.

కరణం కొరవడితే, తల మూలలను మాత్రమే పట్టే పన్నెండు పలకల సాకెట్‌కు బదులు పక్కల మీద బలాన్ని పంచే ఆరు పలకల సాకెట్ వాడాలి. అధిష్ఠానంలో లోటుంటే చొరబడే నూనె పోసి, సన్నని సందుల్లోకి దానంతటది పాకే వ్యవధి ఇవ్వాలి. లేదా నూనె తుడిచి, పెట్రోలు ట్యాంకును తొలగించి, బోల్టు చుట్టూ ఉన్న లోహాన్ని వేడిచేయాలి. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు ఉక్కు మీటరుకు సుమారు 12 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తే అల్యూమినియం సుమారు 23 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తుంది కనుక, వేడికి పట్టు సడలుతుంది. చేష్టలో లోటుంటే, విప్పే దిశలోనే లాగడం మాని, తలపై సుత్తితో తట్టి, ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి తుప్పు పట్టును విడదీసి, పావు చుట్టు విప్పి మళ్లీ వెనక్కి తిప్పుతూ సాగాలి.

ఈ క్రమంలో నూనె పోసి రాత్రంతా ఊరుకోవడం తత్త్వదృష్టితో ఎక్కువ ఆలోచించదగినది. కర్మలో అకర్మను, అకర్మలో కర్మను చూడగలిగినవాడే బుద్ధిమంతుడని గీత నాలుగవ అధ్యాయం చెబుతుంది. చెమటోడ్చి తల అరగదీసినవాడు ఎంతో చేసినట్టు కనిపించినా విప్పే పని ఏమీ జరగలేదు. నూనె పోసి నిద్రపోయినవాడు ఏమీ చేయనట్టు కనిపించినా, అతను ఏర్పాటు చేసిన కారణం పనిచేస్తూనే ఉంది. కాబట్టి ఓర్పు ప్రయత్నానికి విరామం కాదు, తన వంతు ముగిసిందని తెలిసి తక్కిన కారణాలకు వాటి వంతు ఇవ్వడం. ఆంధ్ర, తెలంగాణలలో దసరా నాడు పనిముట్లకూ బళ్లకూ చేసే ఆయుధపూజను ఈ కోణం నుంచి చూస్తే, ఆ ఆచారం కరణాన్ని సహకారణంగా గౌరవించడమని చెప్పవచ్చు.

మరి దైవం మాటేమిటి? యోగవాసిష్ఠంలోని ముముక్షు వ్యవహార ప్రకరణం దీనికి కఠినమైన సమాధానమిస్తుంది: దైవమన్నది వేరే లేదు, పూర్వం చేసిన పురుషకారమే నేడు దైవంగా ఎదురవుతుంది, నేటి ప్రయత్నం బలంగా ఉంటే నిన్నటి దాన్ని జయిస్తుంది. బోల్టును పట్టిన తుప్పుకు ఈ వివరణ చక్కగా సరిపోతుంది. అది విధిలిఖితం కాదు, బిగించేటప్పుడు రక్షణ పూత పూయకపోవడం, బండిని వానలో వదిలేయడం వంటి గతంలోని చేతల ఫలం. కాని చిక్కు ఒకటుంది. చాలాసార్లు బిగించింది ఒకరు, విప్పవలసివచ్చింది మరొకరు. ఎవరి కర్మఫలం వారిదే అన్న నియమానికి ఇది లోబడదు; కర్మసిద్ధాంతం పూర్వజన్మను తెచ్చి దాన్ని సమర్థించవచ్చు గాని, తుప్పును వివరించడానికి అంత దూరం పోనవసరం లేదు. లోకంలో ఒకరి పురుషకారం మరొకరికి దైవంగా సంక్రమిస్తుందని ఒప్పుకోవడమే ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం.

కారణాలు ఐదుగా పంచితే బాధ్యత పలచబడదా అన్నది ఇక్కడ రాదగిన ఆక్షేపం. బోల్టు తెగినప్పుడు తుప్పునో పానానో నిందించే వీలు నిజంగానే ఏర్పడుతుంది. కాని కారణాలు అనేకమని తెలియడం వల్ల కర్త వంతు తగ్గినా, దాని స్వరూపం స్పష్టమవుతుంది: మిగిలిన కారణాల స్థితిని తెలుసుకోవడం, ఏది ఎప్పుడు చాలదో నిర్ణయించడం అతని వంతు. అన్నీ చేసినా కదలని బోల్టును గ్రైండర్‌తో కోసి, మిగిలిన ముక్కను డ్రిల్‌తో తొలచి తీయాలని నిశ్చయించడం కూడా అందులో భాగమే. కాపాడవలసింది సిలిండర్ హెడ్ గాని బోల్టు కాదు. గీత ఫలాసక్తిని వద్దన్నట్టే కర్మ మానడంపై ఆసక్తినీ వద్దన్నది; కోయడం ఓటమి అనుకునేవాడిలో మొదటి ఆసక్తి, తుప్పు తలరాత అనుకునేవాడిలో రెండవది పనిచేస్తుంటాయి.

పాత బోల్టు ముందు కర్త స్వేచ్ఛ చిన్నది, ఎందుకంటే దాని గతం అప్పటికే నిర్ణయమైపోయింది. కొత్త బోల్టు బిగించేటప్పుడు ఆ స్వేచ్ఛ చాలా పెద్దది. మరచుట్లను శుభ్రంచేసి, పట్టేయకుండా కాపాడే పూత రాసి, ఆ పూత వల్ల రాపిడి తగ్గుతుంది కనుక బిగించే బలాన్ని ఆ మేరకు తగ్గించేవాడు, పదేళ్ల తరువాత ఆ బోల్టు విప్పబోయే అపరిచితుడికి ఎదురుకాగల దైవాన్ని ఈనాడే మారుస్తున్నాడు. ప్రయత్నానికీ దైవానికీ మధ్య సరిహద్దు ఎక్కడన్న ప్రశ్నకు ఈ చిన్న పని ఇచ్చే సమాధానం ఇది: తన వంతు దైవాన్ని మనిషి మార్చలేకపోవచ్చు, ఇతరులకు దైవంగా ఎదురయ్యే దానిలో మాత్రం అతనికి వంతు ఎప్పుడూ ఉంటుంది, దానికి అతను బాధ్యుడు కూడా.