పుట్టింటి బాకీ

అమెరికాలో హెచ్-4 వీసా మీదున్న భార్యకి చాలాసార్లు సొంత సంపాదన ఉండదు. 2015 నుంచి కొందరికి పని చేసే అనుమతి దొరుకుతోంది, అదీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంత ముందుకు నడిచాకే. కొట్టే ఇంట్లోంచి బయటపడటానికి ధైర్యం ఒక్కటే చాలదు, మొదటి నెల అద్దె కూడా కావాలి.

ఆ డబ్బు అడిగితే పుట్టింటివాళ్ళు, "సర్దుకుపోలేవా? రేపు మళ్ళీ అతని దగ్గరికే వెళ్తే?" అంటారు. పెళ్ళిలో లక్షలు పోసినప్పుడు అతన్ని ఒక్క ప్రశ్నా అడగలేదు. కట్నం ఎవరు తీసుకున్నా అది ఆమెకే చెందాలని 1961 వరకట్న నిషేధ చట్టం చెబుతోంది. ఆ లెక్కన ఇప్పుడు పంపేది దానమెలా అవుతుంది? ఆలస్యంగా తీరుస్తున్న బాకీ.

"ఇండియా వచ్చేస్తానంటేనే" అని షరతు పెడితే అది ఇంకో తాళం. ఒకవేళ ఆమె తిరిగి అదే ఇంటికి వెళ్ళినా డబ్బు వృథా కాదు. ఈసారి బయటికి దారి తెలిసి వెళ్తుంది.