అంగీతోపాటు పుస్తకాలు



పునీత పౌలుగారు తిమోతికి వ్రాసిన రెండవ లేఖ చివరి అధ్యాయంలో మనం సాధారణంగా ఆగకుండా దాటిపోయే ఒక వచనం ఉంది (2 తిమోతి 4:13). తన పరుగు ముగిసిందని ఆయన చెప్పిన మాటలు మనకు బాగా తెలుసు. భూస్థాపన పూజల్లో తరచు వింటుంటాం. దానికి సరిగ్గా ఆరు వచనాల తరువాత ఆ వృద్ధ అపోస్తలుడు ఒక చిన్న కోరిక కోరుతున్నాడు. త్రోయ పట్టణంలో కర్పు ఇంట్లో వదిలివచ్చిన తన అంగీని తెచ్చిపెట్టమంటున్నాడు. పుస్తకాలు కూడ తెమ్మంటున్నాడు. అందులోనూ తోలు మీద వ్రాసినవాటిని మరువవద్దంటున్నాడు. చలికాలం రాకముందే రమ్మని మరి కాస్త క్రిందకు వెళ్ళాక మళ్ళీ గుర్తు చేస్తున్నాడు.

ఆయన పరిస్థితి ఆలోచించండి. ఉన్నది చెరసాలలో. న్యాయస్థానంలో మొదటిసారి నిలబడిననాడు ప్రక్కన ఒక్కరూ లేరు. దేమా విడిచిపోయాడు. లూకా ఒక్కడే దగ్గర ఉన్నాడు. మరణం సమీపించిందని ఆయనకు తెలుసు. అటువంటి మనిషి చలికి అంగీ అడిగాడంటే ఆశ్చర్యం లేదు. మరి పుస్తకాలు ఎందుకు? మన ఇళ్ళలో పెద్దాయన ఎవరైనా అటువంటి స్థితిలో పుస్తకాలు అడిగితే, "ఈ వయసులో ఇంకేం చదువుతావు తాతా, కృష్ణా రామా అనక" అనే సామెత మాటను కాస్త మార్చి, "జపమాల చెప్పుకోక" అని ఉండేవాళ్ళం. పౌలుగారికి ప్రార్థన తెలియక కాదు. ఊపిరి ఉన్నంతకాలం శరీరానికి చలి వేసినట్టే మనసుకు ఆకలి వేస్తుంది.

మన మేత్రాసనాలలో మఠకన్యలు నడిపే వృద్ధాశ్రమాలు చాలా ఉన్నాయి. క్రిస్మస్‌కు ముందు వారం విచారణ యువజనులు, విన్సెంట్ డి పాల్ సభవారు వెళ్ళి దుప్పట్లు, పండ్లు, బియ్యం ఇచ్చి, రెండు పాటలు పాడి, ఒక ఫోటో దిగి వస్తారు. దీనిని నేను తక్కువ చేయను. సికింద్రాబాదులో కూడ వృద్ధుల సేవ చేస్తున్న 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్' సభ ఒక మంచంతోనే మొదలయింది. 1839 చలికాలంలో ఫ్రాన్సు దేశంలో జీన్ జుగాన్ అనే పేద స్త్రీ చూపులేని ఒక వృద్ధురాలిని ఇంటికి తెచ్చి తన మంచం ఆమెకు ఇచ్చింది. 2009లో తిరుసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. అంగీ ముందు, సందేహం లేదు. కాని పౌలుగారి కోరికలో రెండవ సగం ఎవరు తీరుస్తున్నారు?

అందుకే ఈ వారం ఒక సూచన చేస్తున్నాను. మీ విచారణకు దగ్గరలోని వృద్ధాశ్రమంలో వారానికి ఒక్క గంట, అక్కడి పెద్దలతో కలిసి ఒక పుస్తకం చదవండి. వారికోసం చదవడం అనలేదు, వారితో కలిసి అన్నాను. తేడా అపోస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఉంది. ఇతియోపియా రాణిగారి కొలువులోని ఉద్యోగి రథంలో కూర్చుని యెషయా ప్రవక్త గ్రంథం పైకి చదువుకుంటున్నాడు. ఫిలిప్పు పరుగెత్తుకెళ్ళాడు, కాని వెంటనే బోధ మొదలుపెట్టలేదు. ముందు అతడు చదివేది విన్నాడు. అర్థమవుతున్నదా అని అడిగాడు. అతడు ఎక్కి కూర్చోమన్న తరువాత ప్రక్కన కూర్చున్నాడు. అదే పుట ఇద్దరి ముందూ ఉంది. మనం చాలాసార్లు రథం ఎక్కకుండానే ప్రసంగం మొదలుపెడతాం.

ఒక ఆశ్రమంలో ఇలా మొదలుపెట్టిన సంగతి నాకు తెలుసు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం' తీసుకున్నారు. మొగలితుర్రు కుర్రవాడు బారిష్టరు చదువుకని ఇంగ్లండు బయలుదేరే కథ. చదువు రాని ఒక మామ్మగారు మొదటి రెండు వారాలూ గోడవైపు తిరిగి కూర్చున్నారు. మూడవ వారం ప్రయాణపు గొడవలు చదువుతుంటే ఫక్కున నవ్వి, తన పెళ్ళినాడు కాలువ మీద పడవలో అత్తవారింటికి వెళ్ళిన వైనం అరగంటసేపు చెప్పారు. ఆ రోజు పుస్తకం రెండు పుటలు కూడ సాగలేదు. ఆమె అక్కడ చేరి నాలుగేళ్ళు. ఆమె ఊరేదో అంతవరకు ప్రక్క మంచం ఆమెకే తెలియదట! ఆ మామ్మగారికి మందులు వేళకు అందుతున్నాయి, భోజనానికి లోటు లేదు. ఆమెను ఎవరూ అడగనిది ఒక్కటే, ఆమె మాట.

భక్తి పుస్తకాలు కాక ఇటువంటివి చదవవచ్చునా అని కొందరు అడుగుతారు. నిస్సందేహంగా చదవవచ్చు. ఫ్రాన్సిస్ పోపుగారు 2024 జూలైలో సాహిత్యపఠనం మీద ప్రత్యేకంగా ఒక లేఖ వ్రాశారు. కథలు, కవిత్వం మరొకరి గుండె చప్పుడు వినడం నేర్పుతాయన్నది ఆ లేఖ సారాంశం. ఆయన యువకుడిగా 1964-65లో అర్జెంటీనాలోని శాంతా ఫే పాఠశాలలో సాహిత్యం బోధించారు. విద్యార్థులకు పాఠ్యగ్రంథం నచ్చలేదు. దానిని ఇంటివద్ద చదువుకోమని చెప్పి, తరగతిలో వారికి ఇష్టమైన రచయితలను తీసుకున్నారు. పదిహేడేళ్ళ పిల్లలకు ఇచ్చిన ఆ స్వేచ్ఛను డెబ్బైయేడేళ్ళ పెద్దలకు మనం ఇవ్వలేమా? పుస్తకం వారినే ఎన్నుకోనివ్వండి. సత్యం శంకరమంచిగారి 'అమరావతి కథలు' నూరున్నాయి, ఒక్కొక్కటి ఒక కూర్చోవడంలో అయిపోతుంది. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన జాషువాగారి 'క్రీస్తు చరిత్ర'ను పద్యం చదవగల మాష్టారు ఎవరైనా అక్కడ ఉంటే ఆయన చేతికే ఇవ్వండి. పాత చందమామలు కూడ తీసిపారేయకండి. తపస్సుకాలంలో మాత్రం ఒక సువిశేషం మొదటినుంచి చివరివరకు చదవండి; పూజలో ముక్కలుగా విన్నదాన్ని ఒక వరుసలో వినడం చాలామందికి కొత్త.

చదివేవారు ఎవరు? ఆరవ శతాబ్దంలో పునీత బెనెడిక్టుగారు తమ మఠానికి వ్రాసిన నియమావళిలో 37వ అధ్యాయం వృద్ధులను, పిల్లలను గురించి. వెంటనే 38వ అధ్యాయం భోజనవేళ పుస్తకం చదివే సోదరుని గురించి. ఎవరు పడితే వారు పుస్తకం అందుకుని చదవరాదు, వినేవారికి మేలు కలిగేలా చదవగలిగినవారే చదవాలని ఆయన కట్టడి. కాబట్టి మీ ఇంటర్మీడియట్ అబ్బాయిని పంపేముందు ఇంట్లో రెండుసార్లు పైకి చదివించండి. నిదానంగా, నిండు గొంతుతో చదవాలి, అరవకూడదు. చెముడు ఉన్నవారిని దగ్గరగా, ఎదురుగా కూర్చోబెట్టాలి. టీవీ కట్టివేయమని సిస్టరుగారిని ముందే అడగాలి. సాయంత్రం టీ అయ్యాక, జపమాలకు ముందు అనువైన వేళ. కళ్ళజోడు పాతబడి అక్షరం ఆనక మానేసినవారు ఉంటారు. వారి కళ్ళు పరీక్ష చేయించడం కూడ ఈ పనిలో భాగమే. నిద్రపోయేవారిని నిద్రపోనివ్వండి. ప్రశ్నలు వేసి జవాబులు రాబట్టే పరీక్షలు వద్దు, బహుమతులు వద్దు. అన్నింటికంటె ముఖ్యం, మొదలుపెట్టి మానవద్దు. వారానికొకసారి రాలేమనుకుంటే పక్షానికొకసారి అని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఎదురుచూడడం మనకంటె వారికి బరువు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇదే లేఖ మొదటి అధ్యాయంలో పౌలుగారు తిమోతి విశ్వాసం ముందుగా అతని అవ్వ లోయిలో ఉన్నదని జ్ఞాపకం చేస్తున్నారు. మీ పిల్లల తాతమ్మలు దూరాన ఉండవచ్చు, లేదా గతించి ఉండవచ్చు. ఆశ్రమంలోని మామ్మగారికి మనవలు అమెరికాలో ఉండవచ్చు. ఈ రెండు కొరతలూ ఒక గదిలో కలిస్తే నష్టపోయేవారు ఎవరు? జూలై నాలుగవ ఆదివారం తిరుసభ 2021 నుంచి అవ్వాతాతల, వృద్ధుల దినంగా జరుపుకుంటున్నది. మొదలుపెట్టడానికి అది మంచి రోజే, కాని అంతవరకు ఆగనవసరం లేదు.

చివరిగా, ముందే తెలిసి ఉండవలసిన సంగతి ఒకటి. పుస్తకం సగంలో ఉండగా సభ్యులలో ఒకరు కన్నుమూయడం జరుగుతుంది. పిల్లలు కలతపడతారని వారిని దూరంగా ఉంచకండి, భూస్థాపనకు తీసుకువెళ్ళండి. ఆ పెద్దాయన ఏ కథకు నవ్వారో, ఏ పుట దగ్గర ఆపమన్నారో దూరం నుంచి వచ్చిన కొడుకులకు, కూతుళ్ళకు చెప్పండి. బహుశా వారికి అది తెలియదు. ఆ వారం పుస్తకం తెరవకుండా ఆయన ఆత్మ కోసం అందరూ కలిసి జపమాల చెప్పుకుని, పై వారం ఆగిన పుట నుంచి చదవండి.