వాడు తప్పితే మనకెందుకు పండగ?

మా ముదిగుబ్బలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళు తక్కువ. క్రికెట్ అయితే టీవీ ఉన్న ప్రతి కొట్టు ముందూ నిలబడటానికి జాగా ఉండదు గానీ, ఫుట్‌బాల్‌కైతే మహా ఉంటే పదిమందిమి. ఆ పదిమందికీ అడ్డా మెయిన్ రోడ్డు మీద ఒక మలయాళీ నడిపే బేకరీ. ఆయన ఇక్కడికొచ్చి చానా ఏళ్ళయింది. తెలుగు మా యాసలోనే మాట్లాడతాడు. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంకా కేరళలోనే ఉంటాడు.

2022 మార్చి 20, ఆదివారం రాత్రి ఆ బేకరీలోనే ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ చూశాం. గోవాలోని ఫతోర్దా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీకీ, కేరళ బ్లాస్టర్స్‌కీ మధ్య. ఇద్దరూ దక్షిణాదివాళ్ళే, ఇద్దరికీ అప్పటిదాకా ఆ కప్పు దక్కలేదు. కేరళ 2014లో, 2016లో ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయింది. ఇది మూడోసారి. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కేరళకి గోల్ కొట్టాడు. బేకరీ ఆయన మా అందరికీ టీ ఇప్పించి డబ్బులు వద్దన్నాడు. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నెట్లో పడింది. 1-1. అదనపు అరగంటలోనూ తేలలేదు. ఇక పెనాల్టీలు.

ఆ రాత్రి హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణిది. లెస్కోవిచ్ తన్నిన బంతిని ఆపాడు. తర్వాత నిషు కుమార్ తన్నిందీ ఆపాడు. మేము బెంచీలెక్కాం. కీపర్ గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్ళీ తన్నమన్నాడు. రిఫరీని తిట్టాం. నిషు మళ్ళీ తన్నాడు, కట్టిమణి మళ్ళీ ఆపాడు. ఈసారి మా అరుపులకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. జీక్సన్ సింగ్ తన్నింది కూడా కట్టిమణి ఆపాడు. చివరికి హాలీచరణ్ నర్జరీ గోల్ కొట్టాడు. 3-1తో హైదరాబాద్‌కి కప్పు వచ్చింది. బేకరీ ఆయన టీవీ కట్టేసి, అద్దాల పెట్టెలో మిగిలిన పఫ్‌లు సర్దుకున్నాడు.

మర్నాడు పొద్దున బ్రెడ్డు కోసం పోతే నవ్వుతూనే అన్నాడు:

“సారూ, మీరు గెలిచినందుకు నాకేం బాధ లేదు. ఆఖరి గోల్ పడినప్పుడు మీరు అరిచింది విన్నా. నిషు తప్పినప్పుడు అరిచింది దానికన్నా పెద్దగా ఉండె.”

అంతే. చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ చిల్లర ఎప్పుడో ఖర్చయిపోయింది గానీ ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది.

మొదట నాకు తోచింది సమర్థింపే. మా మేనల్లుడైతే ఇంకా గట్టిగా వాదించాడు. “పెనాల్టీ అంటేనే అది గదా మామా. వాడు తప్పాలని కోరుకోకుండా మనం గెలవాలని ఎట్ల కోరుకుంటాం? రెండూ ఒకటే.” నిజమే. ఆట అలాగే కట్టారు. ఒక కప్పు ఇద్దరికి రాదు. మనం గెలవాలి అనుకోవడంలోనే వాళ్ళు ఓడాలి అనేది ఇమిడి ఉంది. దాన్ని పాపం అంటే అసలు ఆటే ఆడకూడదు.

కానీ కోరుకోవడం వేరు, దాన్ని చప్పరించడం వేరు. ఈ రెంటినీ విడదీయడానికి నాకు ఒక లెక్క తోచింది. అదే కప్పు మనకి ఇంకో దారిలో వచ్చిందనుకుందాం. నిషు తప్పలేదు, చక్కగానే తన్నాడు, మనవాళ్ళే ఇంకో గోల్ ఎక్కువ కొట్టి గెలిచారు. అప్పుడు నా సంతోషం ఇంతే ఉండేదా? ఇంతే ఉంటే నా సంతోషం గెలుపుదే. కాస్త తగ్గితే, ఆ తగ్గిన ముక్క గెలుపుది కాదు, నిషు కుమార్ ముఖానిది. నిజాయితీగా చెప్పాలంటే నా లెక్కలో తగ్గింది. ఒక మనిషి ఒకే చోట, వెంటవెంటనే రెండుసార్లు ఓడిపోవడం చూసి మేము రెండుసార్లు పండగ చేసుకున్నాం. రెండోది ఇంకా పెద్ద పండగ.

పక్కవాడి మేలు చూసి ఏడవడానికి మనకు ఓర్వలేనితనం, కుళ్ళు అని మాటలున్నాయి. దాన్ని తిరగేస్తే వచ్చే భావానికి, అంటే పక్కవాడి కీడు చూసి సంబరపడటానికి, జర్మన్లు షాడెన్‌ఫ్రాయిడ అని ఒకే మాట పెట్టుకున్నారు. షోపెన్‌హోవర్ లెక్కలో అసూయ మనిషి గుణమే గానీ ఇది రాక్షసగుణం. అరిస్టాటిల్ కూడా దీన్ని మధ్యేమార్గం లేని వాటిలో చేర్చాడు. కోపానికైతే మితం ఉంది, తగినంత కోపం మంచిదే. దీనికి తగినంత అనేది లేదు, కొంచెమైనా చెడ్డదే అని ఆయన మతం.

ఇంత పెద్దవాళ్ళు ఇంత కఠినంగా అన్నారు గానీ, బేకరీలో బెంచీ ఎక్కిన పదిమందిమి రాక్షసులమంటే నేను ఒప్పుకోను. మాలో ఎవరికీ నిషు కుమార్ మీద పగ లేదు. అతను బేకరీకి వచ్చుంటే ఫోటో కోసం ఎగబడేవాళ్ళం. అంటే మాకు అక్కడ కనిపించింది మనిషి కాదు, ఎదుటి జట్టు జెర్సీ. అసలు చిక్కు అక్కడుంది. పక్షం అనేది మనిషిని కప్పేస్తుంది.

పోనీ ఆ పక్షమైనా ఎంత గట్టిది? మాకు బెంగళూరు దగ్గర, హైదరాబాద్ దూరం. దూరాన్నిబట్టి అయితే మేము బెంగళూరు ఎఫ్‌సీ మనుషులం కావాలి. మాట్లాడే భాషనిబట్టి అనుకుందామా అంటే, గోల్ కొట్టిన తవోరాది గోవా, ఆపిన కట్టిమణిది గోవా, కోచ్ మనోలో మార్కెజ్‌ది బార్సిలోనా. ఆఖరి గోల్ కొట్టిన నర్జరీ అస్సాం మనిషి, హైదరాబాద్‌కి రాకముందు రెండేళ్ళు కేరళ బ్లాస్టర్స్‌కే ఆడాడు! ఆ ఫైనల్ అయిన సరిగ్గా పదిహేను రోజులకి, ఏప్రిల్ 4న, ముదిగుబ్బ అనంతపురం జిల్లాలోంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి మారిపోయింది. రాత్రి ఒక జిల్లాలో పడుకుని పొద్దున ఇంకో జిల్లాలో లేచినవాళ్ళం, ‘మనది’ అనేది ఎంత తేలిగ్గా మారుతుందో మాకు తెలియాలి. 2025లో ఆ క్లబ్బు కూడా ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది.

అయితే అభిమానం ఉత్తదేనా? అలా అనను. పక్షం లేకపోతే ఫుట్‌బాల్ ఇరవైరెండుమంది ఒక బంతి వెనక పరుగెత్తడమే. మనకేమీ రాని చోట మనసు పెట్టడం, తొంభై నిమిషాలు ఊపిరి బిగబట్టడం, ఇవి మనుషులు చెయ్యగలిగిన మంచి పనుల్లో ఒకటని నా నమ్మకం. కానీ అదే మనసు జెర్సీ వెనక మనిషిని పూర్తిగా మరిచిపోతే ఎక్కడిదాకా పోతుందో లోకం చూసింది. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆట చూడటానికి పోయినవాళ్ళలో 16 మంది ఇళ్ళకి తిరిగి రాలేదు. 1969లో ప్రపంచకప్పు అర్హత కోసం పొరుగుదేశాలైన ఎల్ సాల్వడార్, హోండురాస్ ఆడాయి. చెరొకటి గెలవడంతో జూన్ 27న మెక్సికో సిటీలో మూడో ఆట పెట్టారు. ఎల్ సాల్వడార్ 3-2తో గెలిచింది. మూడు వారాలు తిరక్కముందే ఆ రెండు దేశాలూ యుద్ధానికి దిగాయి. ఆట వల్లే యుద్ధం వచ్చిందనడం సరికాదు. భూమి తగాదా, వలసపోయిన రైతుల్ని వెళ్ళగొట్టడం అప్పటికే రగులుతున్నాయి. ఆట చేసిందల్లా, ఎదుటివాడి ఓటమిలో ఉన్న తీపిని రెండు దేశాలకూ రుచి చూపించడం.

భారతంలో గదాయుద్ధం గుర్తు చేసుకోండి. భీముడు తొడమీద కొట్టడం న్యాయమా కాదా అన్నది ఇప్పటికీ తెగని వాదన. బలరాముడు తప్పన్నాడు, కృష్ణుడు సమర్థించాడు. ఆ తర్వాత భీముడు పడిపోయినవాడి తలను కాలితో తన్నాడు. ధర్మరాజు, అంత నష్టపోయినవాడు, అడ్డుపడి వద్దన్నాడు. దెబ్బ గెలుపు కోసం. తన్ను దేనికోసం? గెలుపు అప్పటికే వచ్చేసింది కదా.

అంత దూరం ఎందుకు, మా చేల దగ్గరే చూడొచ్చు. ఇక్కడ ఒక ఊరి మీద వాన పడి పక్క ఊరు ఎండటం మామూలే. శెనక్కాయ అందరికీ విరగపండితే ధర పడిపోతుందని ప్రతి రైతుకీ తెలుసు. పక్కోడి చేను ఎండితే తనకి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయనీ తెలుసు. అయినా తన చేను పండాలని మొక్కుకుంటాడే గానీ, పక్కోడి ఎండిన చేని గట్టు మీద నిలబడి ఈల వెయ్యడు. లోపల ఎవరికైనా అలా అనిపిస్తుందేమో, అనిపించినా బయటికి రానివ్వడు. రేపు తన చేనికీ అదే గతి పట్టొచ్చని తెలుసు కాబట్టి. మంచితనానికి ఇది చిన్న కారణమే అనొచ్చు. కరువు సీమలో చిన్న కారణాలే మనుషుల్ని నిలబెట్టాయి.

ఇదంతా ఆలోచించుకుని నేనేదో మారిపోయానని చెప్పను. అదే ఏడాది డిసెంబర్ 18న ప్రపంచకప్పు ఫైనల్ కూడా ఆ బేకరీలోనే చూశాం. కేరళవాళ్ళకి అర్జెంటీనా అంటే ప్రాణం, ఈయనా అంతే. ఈసారి మేమూ ఆయన పక్షమే. 3-3. మళ్ళీ పెనాల్టీలు. ఫ్రాన్స్ తరఫున కోమన్ తన్నిన బంతిని మార్టినెజ్ ఆపాడు.

అందరికన్నా పెద్దగా అరిచింది బేకరీ ఆయన.

అరిచి, ఒక్క క్షణం ఆగి, నా వైపు చూశాడు. నేనూ బెంచీ మీద నిలబడి ఉన్నా, చేతులు రెండూ పైనే ఉన్నాయి. ఇద్దరికీ నవ్వొచ్చింది. టీవీలో కోమన్ తల వంచుకుని నడిచి పోతున్నాడు. ఆయన నెమ్మదిగా “పాపం, చిన్నోడు” అన్నాడు. నేను బెంచీ దిగి కూర్చున్నా.

మొదటి అరుపు మన చేతిలో ఉండదేమో. దానికి అరిస్టాటిల్ ముందు నిలబడమన్నా నిలబడతాను. కానీ ఆ అరుపుకీ తర్వాత వచ్చేదానికీ మధ్య ఒక క్షణం ఉంటుంది. భీముడికీ ఉండింది. నర్జరీ కొట్టాల్సిన బంతి ఇంకా మిగిలి ఉండగానే నాకూ ఆ క్షణం దొరికింది, నేను దాన్ని ఇంకో ఈలకి ఖర్చు పెట్టాను. ఇప్పుడు ఆట చూసేటప్పుడు దాని కోసం కాచుకుని ఉంటాను. కొన్నిసార్లు అందుతుంది, కొన్నిసార్లు అందదు.