అంజూరపు చెట్టు చేసిన తప్పేమి?

మార్కు సువార్త 11వ అధ్యాయము చదువునప్పుడు మనలో అనేకులము ఒకచోట ఆగుదుము. ఆకలిగొనిన ప్రభువు అంజూరపు చెట్టునొద్దకు వచ్చి, ఆకులే గాని పండ్లు లేకుండుట చూచి, దానిని శపించెను. మరునాటికి అది వేళ్లతో ఎండిపోయెను. అయితే అది పండ్ల కాలము కాదని మార్కే చెప్పుచున్నాడు. అట్లయిన ఇది న్యాయమా?

ఇట్లు అడుగుట అవిశ్వాసము కాదు. ఉపమానములు బోధపడనప్పుడు శిష్యులు ఏకాంతమున ప్రభువునే అడిగిరి. ఆయన వారిని త్రోసివేయలేదు. కనుక మనమును అడుగుదము.

ఆ దేశమున పస్కా దినములకు అంజూరపు చెట్లకు ఆకులతోపాటు చిన్న పిందెలును కనబడును. కాబట్టి ఆకులు నిండిన చెట్టు, నాయొద్ద తినదగినది కలదని బాటసారిని పిలుచుచున్నట్టే. మరియు మార్కు ఈ సంగతిని రెండు భాగములు చేసి, నడుమ దేవాలయ శుద్ధిని ఉంచెను. అక్కడ వర్తకము సమృద్ధిగా నుండెను. ప్రార్థనకు మాత్రము చోటు లేకపోయెను. ఆ తీర్పు చెట్టు మీదికంటె ఆకుల భక్తి మీదికే వచ్చినదని మాకు తోచుచున్నది.

అయినను ఆ చెట్టును గూర్చి మనకు జాలి మిగిలినయెడల దానిని అణచుకొన నక్కరలేదు. లూకా 13వ అధ్యాయములో ఫలింపని చెట్టు కొరకు తోటమాలి ఇంకొక సంవత్సరము గడువు వేడెను. ఈ రెండు చెట్లను కలిపి చదువుదము. మన ఆదివారపు పాటలును తెల్లబట్టలును ఆకులు. కూలివానికి ఆ సాయంకాలమే చెల్లించిన కూలి ఫలము. గడువు ఇంకను ఉన్నది.